దురద పోయింది సరే, చూపు ఎటు పోయింది?



పోస్టు పెద్దగనే ఉంటది. సగంల వదిలేయకండి. చదివినంక మీరందరూ ఒక పని చేయాలె, అది చివర్ల చెప్తం.

మొన్న మన గ్రూపులో ఒక అన్న కంటి చుక్కల సీసా ఫోటో పెట్టిండు. "కండ్ల దురదకు ఇది బ్రహ్మాస్త్రం. రెండు రోజుల్ల మాయం. అందరూ తెచ్చి పెట్టుకోండి" అని రాసిండు. కింద వరసగా దండాలు, లైకులు. "మా ఊర్ల కూడా ఇదే వాడుతరు." "సీసా ఎంత అన్నా?" "మా చెల్లెకు తెప్పిస్త." మేము ఆ ఫోటోను పెద్దది చేసి చూసినం. పేరు కింద చీమ తలకాయంత అక్షరాలల్ల డెక్సామెథాసోన్ అని ఉన్నది. అది చదివినంక మా గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలే. ఆ పేరు మాకు కొత్త కాదు. మా గదిలో ఉండే తమ్ముని కుడి కన్ను పోయింది ఆ మందుతోనే.

ఫోటో పెట్టిన అన్న మీద మాకు కోపం లేదు. నలుగురికి మంచి జరగాలనే పెట్టిండు. ఆయనకు ఎవరూ చెప్పలే, మాకూ ఎవరూ చెప్పలే. మా కోపం తెలిసి కూడా చెప్పని వాళ్ళ మీద. అది ఈ పోస్టులో దాచుకోకుండా రాస్తున్నం.

ముందు మేమెవరమో చెప్తం. డిగ్రీ చదివే హాస్టల్ పిల్లలం. ఒక్క గదిలో ఆరుగురం. మా ఆరు ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే. డాక్టర్లం కాదు, ఆ చదువు చదువుతలేం కూడా. తమ్ముని వెంట నాలుగు సార్లు పట్నం పెద్ద దవాఖానకు పోయినం. అక్కడ కంటి డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నది, మందు పెట్టెలో మడిచి పెట్టే కాగితం ముందేసుకొని చదివింది, ఇక్కడ రాస్తున్నం.

తమ్ముని సంగతి వినండి. పేరు రాయొద్దన్నడు, సంగతి రాయమన్నడు.

ఆరో తరగతిల హాస్టల్‌కు వచ్చిండు. ఏడో తరగతి ఎండాకాలంల కండ్లు దురద పెట్టుడు మొదలైంది. మామూలు దురద కాదు. రెండు కండ్లూ పిడికిలితో నలిపి నలిపి ఎర్రగా చేసుకునేటోడు. తీగ తీగగా సాగే తెల్ల పుసి వచ్చేది. ఎండలకు పోతే కండ్లు తెరవలేకపోయేటోడు. వాళ్ళ నాయన మండలంల మందుల షాపుకు తీసుకపోయిండు. షాపాయన కండ్లు చూడలే, కండ్లు కావాల్సిన పిల్లగాన్ని కూడా చూడలే. "కండ్ల దురదనా?" అని సీసా ఇచ్చిండు. వేసిన రాత్రే తగ్గింది. ఆ రోజు ఆ ఇంట్ల ఎంత సంబరమో!

నెల అయినంక మళ్ళీ దురద. మళ్ళీ సీసా. తర్వాత ఎండాకాలం ఒక్కటే కాదు, పత్తి ఏరేటప్పుడు, ఇప్పపూలు ఏరేటందుకు చెట్ల కింద ఆకులు కాలబెట్టినప్పుడు, ఎప్పుడు దురద పెడితే అప్పుడు అదే సీసా. నాలుగేండ్లు! ఖాళీ సీసా చూపిస్తే షాపాయన కొత్త సీసా ఇచ్చుడే. నాలుగేండ్లల్ల ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, "చీటీ ఉన్నదా? ఎంత కాలం నుంచి వేస్తున్నరు? కంటి ఒత్తిడి చూపించిండ్రా?" అని ఎవరూ అడగలే.

ఇంటర్‌ల ఉన్నప్పుడు కుడి దిక్కు నుంచి వచ్చే బంతి కనపడుతలేదని కబడ్డీ, వాలీబాల్ మానేసిండు. తలుపు చెక్కకు భుజం కొట్టుకునేటోడు. మేము నవ్వినం. "చూసి నడవరా" అన్నం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గయితది. ఆయనకు కానిస్టేబుల్ కావాలని ఉండే. పొద్దున నాలుగు గంటలకు లేచి రోడ్డు మీద ఉరికేటోడు. డిగ్రీలకు వచ్చినంక ఒక కంటి పరీక్షల ఎడమ కన్ను మూసి అక్షరాలు చదవమంటే కిందమీద పడ్డడు. అక్కడి నుంచి పట్నం పంపిండ్రు. డాక్టరమ్మ కంటి ఒత్తిడి కొలిచింది, నరం చూసింది. తర్వాత అడిగింది: "ఏం చుక్కలు వేస్తున్నవ్ బాబు?" జేబులకెల్లి సీసా తీసి చూపించిండు. ఆమె కుర్చీల వెనక్కి వాలి కొంచెం సేపు మాట్లాడలే.

కంటి నరం ఎండిపోయిందట. గ్లకోమా. మన పల్లెల్ల నీటి కాసులు అంటరు. పోయిన చూపు ఇగ రాదు. ఉన్నది కాపాడుకునేటందుకు బతుకంతా వేరే చుక్కలు వేసుకోవాలె. దురదకని వేసిన చుక్కలు చేసిన పాడుకు ఇప్పుడు ఇంకో చుక్కలు!

డాక్టరమ్మ చెప్పిన ఇంకో మాట మాకు నిద్ర పట్టనియ్యలే. ఈ తరహా ఎలర్జీ చిన్న పిల్లలకు, అందులో మగపిల్లలకు, వేడి, పొడి ఉన్న ప్రాంతాలల్ల ఎక్కువ వస్తదట. దాని పేరు వెర్నల్ కెరాటో కంజంక్టివైటిస్. పైరెప్ప తిరగేస్తే లోపల గులకరాళ్ళ లెక్క బుడిపెలు కనపడతయి. చాలా మంది పిల్లలకు పెద్దయ్యేసరికి అదే తగ్గిపోతది. మళ్ళీ చదవండి. అదే తగ్గిపోతది! దురద పెద్దయితే పోయేదే. దురదకని వేసిన మందు మింగిన చూపు మాత్రం ఎన్నటికీ రాదు.

ఇది ఎట్ల జరుగుతదో అర్థం చేసుకుందాం. అర్థం కాకపోతే రేపు మన ఇంట్లనే జరుగుతది.

ఎలర్జీ అంటే మన ఒంటికి పడని దుమ్మో, పుప్పొడో, పురుగో కంటికి తగిలితే ఒళ్ళు తిరగబడుడు. కంటి పొరలో కొన్ని కణాలు ఉంటయి, అవి పగిలి హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతయి. దానితోనే దురద, నీళ్ళు కారుడు, వాపు. వయ్యారిభామ పుప్పొడి, పత్తి చేను దుమ్ము, హాస్టల్ల ఏండ్లకేండ్లు ఎండలో వేయని పరుపులు, దుప్పట్లల్ల ఉండే కంటికి కనపడని దుమ్ము పురుగులు, ఇవన్నీ కారణాలే. కట్టెల పొయ్యి పొగ దాన్ని ఇంకా రేపుతది. ఎలర్జీకి పెద్ద గుర్తు దురద. మామూలుగా రెండు కండ్లకూ వస్తది. నొప్పి ఎక్కువ ఉండి, చీము లెక్క పుసి కారి, చూపు మసకయితే అది వేరే జబ్బు కావచ్చు. అప్పుడు దురద మందుతో ఆటలొద్దు.

స్టెరాయిడ్ ఏం చేస్తది? ఒళ్ళు తిరగబడుడునే పట్టి తొక్కేస్తది. అందుకే అంత తొందరగా తగ్గుతది. అందుకే అందరికీ నచ్చుతది. కానీ కన్ను లోపల ఎప్పుడూ ఒక నీరు ఊరుతుంటది, సన్నటి జాలీలకెల్లి బయటికి పోతుంటది. స్టెరాయిడ్ ఆ జాలీని మూసుకపోయేటట్టు చేస్తది. నీరు పోకుంటే లోపల ఒత్తిడి పెరుగుతది. మామూలుగా కంటి ఒత్తిడి 10 నుంచి 21 మధ్య ఉంటది. అది పెరిగి అట్లనే ఉంటే వెనక ఉన్న నరం మెల్లమెల్లగా చస్తది. నొప్పి ఉండదు. ఎరుపు ఉండదు. కన్ను తెల్లగా, చక్కగా కనపడుతది. ముందు పక్క చూపు పోతది, ఎదురు చూపు చివరికి పోతది. అందుకే మనిషికి తెలిసేసరికి పని అయిపోతది.

నాలుగు నుంచి ఆరు వారాలు స్టెరాయిడ్ చుక్కలు వేస్తే దాదాపు ముగ్గురిల ఒకరికి ఒత్తిడి ఎంతో కొంత పెరుగుతదని, నూటికి అయిదుగురి దాకా చాలా ఎక్కువ పెరుగుతదని డాక్టర్లకు 1960ల నుంచే తెలుసు. చిన్న పిల్లలకు ఇంకా తొందరగా పెరగొచ్చు. అంటే మన తాతల కాలం నుంచి తెలిసిన సంగతి ఇది! మన గూడేనికి రావడానికి అరవై ఏండ్లు చాలలేదా?

ఒత్తిడి ఒక్కటే కాదు. ఎక్కువ కాలం వేస్తే చిన్న వయసులోనే శుక్లం వస్తది. ఇంకొకటి, మన రైతు బిడ్డలకు అన్నిటికంటే ముఖ్యమైంది: వరి గడ్డో, పత్తి కట్టో, చెట్టు కొమ్మో కంటికి తగిలి కన్ను ఎర్రబడితే అది బూజు జబ్బు పుండు కావచ్చు. దాంట్ల స్టెరాయిడ్ వేస్తే మంటల కిరసనాయిలు పోసినట్టే. వారం పది రోజుల్ల నల్లగుడ్డు పాడయితది. ఎర్రబడ్డ కన్ను ప్రతిదీ ఎలర్జీ కాదు.

స్టెరాయిడ్ మందే విషం అని మేము అంటలేం. జబ్బు బాగా ముదిరినప్పుడు కంటి డాక్టర్లే కొన్ని రోజులకు రాస్తరు. ఒత్తిడి కొలుస్తరు, మెల్లగ తగ్గించి ఆపుతరు. కొడవలి పంట కోసేదే. పసిపిల్లగాని చేతికి ఇచ్చి వెళ్ళిపోయినోన్ని అడగాలె గదా!

ఇగ ఆ అడుగుడు దగ్గరికి వస్తం.

ఈ దేశంల 1940 నాటి మందుల చట్టం ఉన్నది. దాని కింద 1945 నాటి నిబంధనలు ఉన్నయి. అందులో షెడ్యూల్ హెచ్ అని ఒక జాబితా. ఆ జాబితాల ఉన్న మందును డాక్టర్ చీటీ లేకుండా అమ్మొద్దు. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ ఆ జాబితాల ఉన్నయి. పైపూతగా వాడే మందులకు ఆ జాబితాల సడలింపు ఇచ్చిన చోట కూడా, కంట్ల వేసేటివాటికి ఇయ్యలే. అంటే చట్టం రాసినోళ్ళకు కంటి విలువ తెలుసు. మరి ఆ చట్టం మా మండలం చౌరస్తా దాకా ఎందుకు రాలే? మందు పెట్టె మీద హెచ్చరిక ఉంటది, నిజమే. ఇంగ్లిషుల ఉంటది. మా అవ్వకు గోండి వస్తది, తెలుగు సగం వస్తది. ఆమె ఆ ఇంగ్లిషు హెచ్చరిక చదివి, అర్థం చేసుకొని, షాపాయనకు సీసా తిరిగి ఇచ్చేయాలా? ఇదా మీ జాగ్రత్త?

పైగా మాటలు పడేది మనమే. "ఈళ్ళింతే, ఆకు పసర్లు పోసుకుంటరు, మంత్రాలు వేయించుకుంటరు, కండ్లు పోగొట్టుకొని మా దగ్గరికి వస్తరు." ఈ మాట మేము దవాఖాన వరండాల మా చెవులతో విన్నం. అయ్యా, మా తమ్ముడు ఆకు పసరు పోసుకోలే. రంగు పెట్టెల పెట్టిన మందు, బిల్లు లేకుండా, పైసలు ఇచ్చి కొనుక్కున్నడు. మా అజ్ఞానం గురించి మాట్లాడే ముందు మీ గల్లాపెట్టె గురించి మాట్లాడుండ్రి.

మన దిక్కు నుంచి వచ్చే మాటలకు కూడా జవాబు చెప్పాలె. ఈ మాటలు మేము కూడా అన్నయే.

"వేస్తే తగ్గింది గదా!" అంటరు. తగ్గింది. అదే దాని మోసం. రెండు రోజుల్ల తగ్గించే మందు మంచిదని, రెండు వారాలు పట్టే మందు పనికిరాదని మనకు ఎవరు నేర్పిండ్రు? సోడియం క్రోమోగ్లైకేట్ అనే చుక్కలు ఉంటయి. వాటి పని పూర్తిగా తెలియడానికి రోజుల నుంచి వారాలు పడతది. కానీ ఆ మందు ఒత్తిడి పెంచదు.

"షాపన్న మనోడే, మన మంచికే ఇచ్చిండు" అంటరు. కావచ్చు. ఆర్ఎంపీ డాక్టర్ కూడా అర్ధరాత్రి పిలిస్తే వచ్చేటోడు, మేము మరువం. కానీ మంచోడయితే కంటి ఒత్తిడి కొలిచే మిషన్ ఆయన దగ్గర ఉన్నదా? లేదు. లేనప్పుడు ఆ సీసా ఇయ్యొద్దు. మంచితనం వేరే, మందు వేరే.

"కంటి డాక్టర్ దగ్గరికి పోవాలంటే రెండు బస్సులు మారాలె, రోజు కూలి పోతది" అంటరు. ఇది నిజం. దీన్ని మేము కాదనలేం. పత్తి ఏరే రోజులల్ల అయ్యను కంటి దవాఖానకు పోదాం రమ్మంటే అయ్య మన దిక్కు చూసే చూపు మాకు తెలుసు. కానీ దూరం ఎక్కువని చూపు అమ్ముకుంటమా? దూరం ఎక్కువయితే డాక్టర్‌ను దగ్గరికి రప్పించాలె. అది అడగకుండా సీసాతో సర్దుకుంటే, సర్కారుకు కూడా హాయే.

"ఇంగ్లిషు మందులే వద్దు, మన పెద్దల మందే మేలు" అని కొందరు అన్నలు రాస్తరు. పెద్దల మీద మాకు గౌరవం ఉన్నది. అడివి గురించి వాళ్ళకు తెలిసింది ఏ పుస్తకంల లేదు. కానీ కంట్ల మాత్రం పసరు, చనుబాలు, తేనె, ఆముదం ఏదీ వేయొద్దు. కన్ను చర్మం లెక్క కాదు. శుభ్రంగ లేనిది ఏది పడ్డా పుండు పడుతది. తుమ్మినప్పుడు తాగే కషాయం వేరే, కంట్ల పోసేది వేరే.

"దురదకు ఇంత లొల్లా?" అనే తమ్ముళ్ళకు ఒకటే మాట. మా తమ్ముడు కూడా ఏడో తరగతిల దురదనే అనుకున్నడు.

ఇప్పుడు హాస్టళ్ళ మాట.

2023 వానకాలంల తెలుగు రాష్ట్రాల రెండింట్ల కండ్లకలక ఎట్ల పాకిందో మీకు యాదికి ఉండాలె. జూలై, ఆగస్టుల ఒకరి తర్వాత ఒకరు హాస్టల్ల పిల్లలందరి కండ్లు ఎర్రబడ్డయి. అప్పుడు మేము ఉన్న హాస్టల్ల ఒక్క సీసా. పిల్లలు వరసల నిలబడితే అందరి కండ్లల్ల అదే ముక్కుతో చుక్క వేసుకుంట పోయిండ్రు. సీసా ముక్కు ఒకరి రెప్పకు తగిలింది, ఆ పక్కోని రెప్పకు తగిలింది. మందు వేస్తున్నమనుకున్నం, జబ్బు పంచుకున్నం. అట్ల వచ్చిన సీసాలల్ల మిగిలినవి పెట్టెలల్ల దాచుకున్నం. తర్వాత ఎండాకాలం దురద పెడితే అదే తీసి వేసుకున్నం. అంటువ్యాధికి తెచ్చిన మందు ఎలర్జీకి, ఒకరికి రాసిన మందు ఇంకొకరికి! అందులో సగం సీసాలు యాంటీబయాటిక్, స్టెరాయిడ్ రెండూ కలిపినవే. మాకు తెలియదు. వార్డెన్ సారుకూ తెలియదు. చెప్పేటోళ్ళు ఎవరున్నరు?

కంటి వెలుగు వచ్చింది. 2018 ఆగస్టు 15న మొదలైంది, 2023 జనవరి 18న రెండో విడత. మా అవ్వలకు, తాతలకు అద్దాలు ఇచ్చిండ్రు. మంచిగ చేసిండ్రు, కాదనం. కానీ శిబిరం వచ్చి పోతది. ఎలర్జీ ప్రతి ఎండాకాలం వస్తది, మందుల షాపు మూడు వందల అరవై అయిదు రోజులు తెరిచే ఉంటది. ఒక్కరోజు శిబిరం పెట్టి ఏడాదంతా మమ్మల్ని షాపుకు వదిలేస్తే ఎట్ల?

అడిగేది తర్వాత, ముందు మనం చేసేది చెప్పుకుందాం. కాపీ చేసి మీ హాస్టల్ గ్రూపులల్ల కూడా పెట్టండి.

1. సీసా మీద పెద్ద అక్షరాల పేరు చూడకండి. అది కంపెనీ పెట్టుకున్న పేరు. కింద చిన్న అక్షరాలు చదవండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథొలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్. ఈ ఆరింట్ల ఏ ఒక్కటి కనపడ్డా అది స్టెరాయిడ్. కొన్ని బలమైనవి, కొన్ని తక్కువవి. కంటి డాక్టర్ చెప్పకుండా ఏదీ వేయొద్దు.

2. ఇప్పటికే చాన రోజుల నుంచి వేస్తున్న వాళ్ళు భయపడి ఇంట్ల కూసోవద్దు, వేసుకుంట కూడా పోవద్దు. సీసా జేబుల పెట్టుకొని వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి పోండి. "ఇన్ని నెలలు వేసిన, ఒత్తిడి చూడండి" అని నోరు తెరిచి అడగండి. ఎట్ల ఆపాలో ఆయన చెప్తడు.

3. మామూలు ఎలర్జీకి ఒలోపటడిన్, కీటోటిఫెన్ లాంటి చుక్కలు ఉంటయి. హిస్టమిన్‌ను ఆపుతయి, ఆ కణాలు పగలకుండా కూడా చూస్తయి. స్టెరాయిడ్ లెక్క ఒత్తిడి పెంచవు. వేసినప్పుడు కొంచెం చురుక్కుమంటది, అది మామూలే. వీటిని కూడా డాక్టర్‌కు చూపించుకొని, చెప్పినన్ని సార్లే వేయాలె. చీటీల మందు అసలు పేరు రాయమని అడగండి, జన ఔషధి షాపుల ఆ పేరుతో దొరుకుతదేమో చూడండి.

4. కన్ను తెల్లగ చేసే చుక్కలు కొన్ని ఉంటయి, వాటిల నాఫజోలిన్ లాంటిది ఉంటది. ఎర్రదనం పోయి ఫోటోల మంచిగ పడతం. కానీ రోజుల తరబడి వేస్తే, ఆపినంక ముందుకంటే ఎక్కువ ఎర్రబడుతది. అది జబ్బు మందు కాదు, రంగు మందు.

5. వేసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలె. తల వెనక్కి వంచి, కింది రెప్పను కొంచెం లాగితే చిన్న సంచి లెక్క అయితది. దాంట్ల ఒక్క చుక్క. సీసా ముక్కు రెప్పకు గానీ, వెంట్రుకలకు గానీ, వేలికి గానీ తగలొద్దు. కన్ను మెల్లగ మూసి ఒకటి రెండు నిమిషాలు ఉండాలె, ముక్కు దిక్కు ఉండే కంటి మూలను వేలితో ఒత్తి పట్టాలె. అప్పుడు మందు గొంతులకు జారదు. రెండు రకాల మందులుంటే మధ్యల అయిదు నిమిషాలన్నా ఆగాలె.

6. ఒక్క చుక్క చాలు. కన్ను పట్టేదే ఒక్క చుక్క. రెండోది చెంప మీదికి కారుతది, పైసలు కారినట్టే. ఒక మిల్లీలీటరుకు దాదాపు ఇరవై చుక్కలు లెక్కేసుకుంటే 5 మిల్లీలీటర్ల సీసాల వంద చుక్కల దాకా ఉంటయి.

7. మూత తీసిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి. నెల దాటితే మందు మిగిలినా పారేయండి. పెట్టె మీద ఉన్న గడువు మూత తీయని సీసాకు.

8. ఒక మనిషికి ఒక సీసా. తోబుట్టువుకైనా ఇయ్యొద్దు. అన్నం పంచుకుందాం, పుస్తకాలు పంచుకుందాం, చుక్కల సీసా, తువ్వాల మాత్రం పంచుకోవద్దు.

9. మందు కంటే ముందు చేసే పనులు ఉన్నయి. దురద పెడితే నలపొద్దు. శుభ్రమైన బట్టను చల్లటి నీళ్ళల్ల ముంచి పిండి, మూసిన కండ్ల మీద అయిదు పది నిమిషాలు పెట్టండి. చేను నుంచి వచ్చినంక మొహం, రెప్పలు మంచినీళ్ళతో కడుక్కోండి. పరుపు, దుప్పటి ఎండల వేయండి. ఏండ్ల తరబడి నలిపితే నల్లగుడ్డు ముందుకు సాగి చూపు వంకర పోయే జబ్బు కూడా రావచ్చు.

10. నొప్పి, చూపు మసక, వెలుతురు చూడలేకపోవుడు, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ, కంటికి ఏమన్నా తగిలి ఎర్రబడుడు, ఒక్క కన్నే ఎర్రగుండుడు, వీటిల ఏది ఉన్నా షాపుకు పోవద్దు. అదే రోజు దవాఖానకు పోవాలె. కూలి పోతే రేపు వస్తది.

ఇవి మన పనులు. ఇప్పుడు సర్కారు పనులు.

మందుల షాపుల చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు అమ్ముడు ఆపాలె. ఔషధ నియంత్రణ అధికారులు పట్నం షాపులే కాదు, ఏజెన్సీ మండలాల షాపులు కూడా తిరగాలె. మా ఐటీడీఏ పరిధిల ప్రతి హాస్టల్‌కు ఏడాదికి రెండు సార్లు, అందులో ఒకటి తప్పకుండా ఎండలు ముదిరే ముందు, కంటి డాక్టర్ రావాలె. వచ్చినప్పుడు గోడ మీద అక్షరాలు చదివించి పోవుడు కాదు, చుక్కలు వాడే పిల్లలందరికీ ఒత్తిడి కొలవాలె. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంల ఎలర్జీ చుక్కలు దొరకాలె. అక్కడ దొరకకపోతేనే గదా మా వాళ్ళు షాపుకు పోయేది! హాస్టల్ల ఒకే సీసాతో వరసగా చుక్కలు వేసే పద్ధతి రాతపూర్వకంగా రద్దు చేయాలె. హెచ్చరిక తెలుగుల రాయాలె, గోండి, కోయ, కొలామి, లంబాడీల ఆశా అక్కలతో చెప్పియ్యాలె. ఓట్ల పాటలు మా భాషలల్ల పాడిపిస్తరు గదా, కంటి మందు మాట చెప్పియ్యడానికి భాష దొరకదా?

ఇవి గొంతెమ్మ కోరికలు కాదు. చట్టంల ఉన్నది అమలు చేయమని అడుగుతున్నం. బిచ్చం అడుగుతలేం.

చదువుకున్నోళ్ళం అని చెప్పుకుంటున్న మనకు కూడా ఒక మాట. మన ఇండ్లల్ల ఇంగ్లిషు అక్షరం చదవగలిగే మొదటి కండ్లు మనవి. మందు పెట్టె మీది మాటలు మనం చదవకపోతే ఇంక ఎవరు చదువుతరు? పండుగకు ఇంటికి పోయినప్పుడు సెల్‌ఫోన్ చూసుకుంట కూసోకుండా ఇంట్ల ఉన్న సీసాలు ఒక్కసారి తిరగేద్దాం. మాకు ఆ బుద్ధి నాలుగేండ్ల ముందు ఉంటే ఈ పోస్టు రాసే అవసరం ఉండకపోవు. తమ్ముడు తలుపుకు కొట్టుకుంటే నవ్వినోళ్ళం మేము. ఆ తప్పు మాది. అది షాపాయన మీద వేయం.

తమ్ముడు ఇప్పుడు మా గదిల కిటికీ పక్క మంచం మీద ఉన్నడు. కానిస్టేబుల్ పుస్తకాలు జూనియర్‌కు ఇచ్చేసిండు. ఎడమ కన్ను మంచిగనే ఉన్నది, అది కాపాడుకుంటడు. రాత్రి తొమ్మిదికి, పొద్దున తొమ్మిదికి చుక్క వేసుకోవాలె. మాల ఒకరం గుర్తు చేస్తం. ఈ పోస్టు మొత్తం ఆయనకు చదివి వినిపించినం. ఒక్కటే చెప్పిండు: "ఫోటో పెట్టిన అన్నను తిట్టకుండ్రి. వాళ్ళింట్ల ఎవరికి వేస్తున్నరో అడగుండ్రి."

అన్నా, అందుకే అడుగుతున్నం. ఆ సీసా మీ ఇంట్ల ఎవరు వేసుకుంటున్నరు? ఎంత కాలం నుంచి? చిన్న పిల్లలా? జవాబు ఇయ్యండి. ఒక్కరే పోలేకపోతే పట్నం దవాఖానకు మేము వెంట వస్తం. ఏ కిటికీల చీటీ రాయించుకోవాలో, ఏ గదిల ఒత్తిడి కొలుస్తరో మాకిప్పుడు తెలుసు.

ఇగ మొదట్ల చెప్పిన పని. ఈ రాత్రే మీ పెట్టె తెరవండి, ఇంట్ల ఉన్నోళ్ళు దేవుని గూడు పక్కన, కిటికీ మీద చూడండి. కంటి చుక్కల సీసా ఉంటే చిన్న అక్షరాలు కనపడేటట్టు ఫోటో తీసి కింద పెట్టండి. చదివి స్టెరాయిడా కాదా చెప్తం. అది చెప్పడానికి డాక్టర్ కానక్కరలేదు, అక్షరం వస్తే చాలు. వేయాల్నా వద్దా అనేది డాక్టర్ చెప్తడు.

లైకులు వద్దు. ఫోటోలు పెట్టండి.

జోహార్. జై సేవా.

మీ హాస్టల్ పిల్లలం, ఆరుగురం